ఒక్క కాలువ మీద ఎన్ని పద్యాలు

(అమలాపురంలో కొత్తగా కవిత్వం రాస్తున్నవారి కోసం జరిగిన కార్యశాలలో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దలు కూర్చున్నారు, వారికి మరీ మరీ నమస్కారాలండి.

నిన్న సాయంత్రం టీ తాగుతున్నప్పుడు చాలామంది నన్ను ఒకటే అడిగారు. "ఏది ముందు నేర్చుకోమంటారు? పద్యమా, వచన కవితా, నానీలా, హైకూలా?" అని. అడిగిన తీరులో ఒక భయం కనిపించింది. ఛందస్సంటే టెన్షన్. అది రాదు గనుక వచన కవిత రాసుకుందాం, అదీ కుదరకపోతే నానీలు రాసుకుందాం అన్నట్టుంది మీ లెక్క. పెద్దది కష్టం, చిన్నది సులువు, నియమం ఉన్నది కష్టం, లేనిది సులువు అని. ఈ పూట ఆ లెక్క మీ బుర్రలోంచి తీసేయాలని వచ్చాను. ఏ ప్రక్రియా ఇంకోదాని కన్నా సులువు కాదు. ఒక్కోటీ ఒక్కో సంగతిని బాగా చెబుతుంది, ఇంకో సంగతిని చెప్పనివ్వదు. మనం నేర్చుకోవాల్సింది ఆ తేడా. అది పుస్తకం చదివితే రాదు, ఒకే విషయాన్ని అటూ ఇటూ తిప్పి రాస్తేనే చేతికి తెలుస్తుంది.

అందుకే నిన్న మధ్యాహ్నం మన బృందానికి ఒకే విషయం ఇచ్చాను. కాలువకు నీళ్ళొచ్చాయి, అంతే. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలితే మన లాకుల దాకా ఎప్పుడొస్తాయా అని జూన్‌లో ఎదురు చూడని ఇల్లు ఈ డెల్టాలో లేదు. మీకందరికీ తెలిసిన సంగతి కాబట్టి కొత్తగా ఊహించాల్సింది ఏమీ లేదు. ఇక చూడాల్సింది రూపమే.

ముందు ఆటవెలది. ఎందుకు దానితోనే అంటే, అది మీ చెవిలో ఇప్పటికే ఉంది. చిన్నప్పుడు వేమన పద్యాలు అప్పజెప్పని వాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ? లేరు కదా. ఆ నడక మీకు వచ్చు. పేరు తెలియదు, లెక్క తెలియదు, అంతే. లెక్క ఇప్పుడు చెబుతాను, పది నిమిషాల పని.

పొట్టిగా పలికేది లఘువు. దీర్ఘమైతే గురువు, సున్నా ఉన్నా గురువు, పక్కన ఒత్తక్షరం ఉంటే దాని ముందున్నదీ గురువు. ‘తణుకు’ అనండి. మూడూ పొట్టివే. మూడు లఘువులు, అది నగణం. గణమంటే ఇలా లఘువులో గురువులో కలిసిన ఒక ముక్క. ‘పేట’ అనండి. ఒక గురువు, ఒక లఘువు. దాన్ని హగణం అంటారు. ఈ రెంటినీ కలిపి సూర్యగణాలు అన్నారు. ఆటవెలది రెండో పాదానికీ నాలుగో పాదానికీ కావలసినవి ఇవే, వరసగా అయిదు. ఇంకొక్క నియమం ఉంది, యతి. పాదంలో మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ స్నేహం కుదరాలి.

మన ఊళ్ళ పేర్లు చూడండి ఎంత చక్కగా సూర్యగణాల్లో పడతాయో. పాలకొల్లు రెండు గణాలు, మండపేట రెండు, ఆలమూరు రెండు. రేపు బస్సులో వెళ్ళేటప్పుడు బోర్డులు చదువుతూ వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. నిన్న వెనక వరసలో ఉన్న తమ్ముడొకడు ఇలా అన్నాడు:

కోటిపల్లి తణుకు కొత్తపేట

కోటి, పల్లి, తణుకు, కొత్త, పేట. అయిదు సూర్యగణాలు. ‘కో’కీ ‘కొ’కీ యతి. రెండో పాదం తప్పు లేకుండా వచ్చేసింది! అర్థం ఏముందని అడక్కండి, ఊళ్ళే ఉన్నాయి. కానీ ఆ కుర్రాడి మొహం చూడాల్సింది. ఛందస్సు తనకు రాదనుకున్నవాడి నోట్లోంచి అది దానంతట అదే వచ్చింది.

ఇక కాలువ సంగతికి వద్దాం. మొదట మీరిచ్చిన వాక్యం ‘కాలువకు నీళ్ళు వచ్చాయి’. మామూలుగా మాట్లాడితే బాగానే ఉంది. ఆటవెలది మొదటి పాదంలో పెట్టబోతే ‘కాలు’ దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తరవాత ‘వకునీ’. రెండు లఘువుల మీద గురువు, అది సూర్యగణం కాదు, ఈ పాదంలో మొదటి మూడూ సూర్యగణాలే కావాలి. దాంతో ఆ వాక్యాన్ని విడదీయాల్సి వచ్చింది. నీళ్ళు రాకముందు కాలువ ఎలా ఉందో మొదటి పాదంలో చెబుదాం, నీళ్ళు రెండో పాదంలో వస్తాయి అనుకున్నాం. గమనించారా, ఆ ఎండిన కాలువ మన ఆలోచనలో మొదట లేదు. గణం ఒప్పుకోకపోవడం వల్ల వచ్చింది.

ఎండిపోయినట్టి యీ కాలువకు నేడు

మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు. ఇంద్రగణాలు ఆరున్నాయి, అవి సాయంత్రం బోర్డు మీద రాసిస్తాను. ‘ఎ’కీ ‘ఈ’కీ యతి సరిపోయింది. రెండో పాదం ‘నీరు వచ్చె నురుగు’ అని మొదలైంది. తరవాత గణం ‘ని’తోనో ‘నీ’తోనో ‘నె’తోనో ‘నే’తోనో మొదలవ్వాలి. ముగ్గురు మూడు చెప్పారు. ‘నిండిపోయి’ అని ఒకరు. ‘నేల తడిసి’ అని ఇంకొకరు. మూడూ లెక్కకు సరిపోయేవే, కాబట్టి ఛందస్సు ఇక్కడ మనకు సాయం రాదు, మనమే ఎంచుకోవాలి. ‘నిండిపోయి’ అంటే కొత్తగా ఏమీ కనపడలేదు. ‘నేల తడిసి’ అంటే నీళ్ళొస్తే నేల తడవక ఏం చేస్తుంది? అప్పుడు ఈ కిటికీ పక్క అమ్మాయి ‘నెత్తికెత్తి’ అంది. అయ్యబాబోయ్ అనిపించింది నాకు. మొదటి నీళ్ళు కాలువలో ఎలా వస్తాయో చూసిన పిల్ల కాబట్టే అనగలిగింది. చెత్తా చెదారం, ఎండుటాకులు, తెల్లటి నురుగు అన్నీ ముందర ఒక వరసలా లేచి వస్తాయి కదా, మోపు నెత్తిన పెట్టుకున్న మనిషి నడిచి వచ్చినట్టు. మామూలు వచనంలో రాస్తే ఆ మాట ఆ అమ్మాయికి తట్టేది కాదని నా నమ్మకం. ‘నె’ కావాలని వెతికితే తట్టింది. యతి మనకు అడ్డం పడుతుందని అంటుంటారు. నాకు మాత్రం అది, మనం వెళ్ళని సందులోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే పెద్దమనిషిలా కనిపిస్తుంది.

పద్యం మొత్తం ఇలా తేలింది:

ఎండిపోయినట్టి యీ కాలువకు నేడు
నీరు వచ్చె నురుగు నెత్తికెత్తి
గట్టు మీద పిల్లగాలితో పరుగెత్తె
తాత వేలు వదలి తప్పటడుగు

చివరి పాదం ఎవరిదో ఒక్కరిది కాదు, అందరూ కలిసి కట్టారు. ‘పిల్లవాడు’ అన్న మాట ఎక్కడా లేదు చూడండి. అయిదు చిన్న గణాల్లో పిల్లవాణ్ణి పట్టించే చోటు లేక తప్పటడుగునే పరుగెత్తించారు. ఆటవెలది గుణం ఇదే. పొట్టి పొట్టి అడుగులు వేస్తుంది. చూసిన దృశ్యాన్ని, పిల్లల అల్లరిని, ఇంట్లో మాటను చక్కగా మోస్తుంది. దీనికి ప్రాస, అంటే పాదాలన్నిటిలో రెండో అక్షరం ఒకటే ఉండాలన్న నియమం కూడా లేదు. ఇది చేతికి వస్తే తేటగీతి రావడానికి ఎంతో సేపు పట్టదు, గణాల వరస మారుతుంది అంతే. ఆ మీదట సీసం. సీసం కింద ఎలాగూ తేటగీతో ఆటవెలదో కట్టాల్సిందే.

కందం వేరే రకం. సుమతీ శతకం అంతా కందాలే గదా, ఆ తీరు గుర్తు తెచ్చుకోండి. ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. రెండేసి పాదాలు కలిపి లెక్కపెడితే బేసి గణాల్లో జగణం, అంటే లఘువు గురువు లఘువు, పనికిరాదు, ఆరో గణం మాత్రం జగణమో నాలుగు లఘువులో అయి తీరాలి, రెండో పాదం నాలుగో పాదం గురువుతో ఆగాలి, నాలుగు పాదాల్లో రెండో అక్షరం ఒకటే ఉండాలి. వినగానే గుండె జారుతుంది, తెలుసు. అదే కాలువను కందంలో పెట్టాం:

కాలువ నీరదె వచ్చెను
మేలుకొలుపు పాట వోలె మెల్లగ నూరన్
నేలకు దప్పిక తీరెను
పాలేరుకు కంటనీరు పన్నీరయ్యెన్

లెక్కకు ఎక్కడా లోపం లేదు, కావాలంటే విడదీసి చూసుకోండి. ‘లు, లు, ల, లే’ ప్రాస కూడా కుదిరింది. కానీ ఈ పద్యంలో నాకు నచ్చింది మూడో పాదం దాకానే. చివరి పాదం పెద్ద శబ్దం చేస్తోంది. పాలేరు కన్నీరు పన్నీరు ఎందుకైంది, ఆ పంట అతనిది కాదు కదా? ‘పాలే’ అన్నది ప్రాస కోసం వచ్చింది, ‘పన్నీ’ యతి కోసం వచ్చింది, అర్థం ఆ రెంటి వెంట పడి వెళ్ళింది. ఇందాక యతి మంచి మాట ఇచ్చిందన్నాను. ఇదిగో, ఇక్కడ యతీ ప్రాసా కలిసి అబద్ధం ఇచ్చాయి. కందం చివర గురువు మీద గట్టిగా ఆగుతుంది గనుక తీర్పు చెప్పినట్టు ముగించాలనిపిస్తుంది, రాసేవాడికి ఆ ఊపు వచ్చేస్తుంది. నీతికి, లోకం పోకడకు, ఒకరిని నిలదీసి అడగడానికి కందం ఎంతో బాగుంటుంది. పొలం గట్టు మీద మెల్లగా జరిగేదాన్ని చెప్పడానికి మాత్రం చాలా జాగ్రత్త కావాలి. ఈ కందాన్ని పారేయకండి, ఆ నాలుగో పాదం మీద ఇవాళ మళ్ళీ కూర్చోండి.

వృత్తాల గురించి, అంటే పాదంలో గురు లఘువుల వరస ముందే స్థిరపడి ఉండే పద్యాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం. వీటిని చూసి రాయడం కన్నా ముందు విని వంటపట్టించుకోవాలి. ఆ అదృష్టం ఈ గడ్డకున్నంత ఇంకెవరికుంది? రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టాడు. ఇక తిరుపతి వేంకట కవులిద్దరూ మన వాళ్ళే. దివాకర్ల తిరుపతి శాస్త్రిది భీమవరం దగ్గర యండగండి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిది కడియం. వాళ్ళ పాండవోద్యోగ నాటకాల పద్యాలు హార్మోనియం మీద రాగం తీస్తూ పాడితే రాత్రంతా కూర్చుని విన్న ఊళ్ళు ఇవి. అక్షరం ముక్క రాని ముసలాయన కూడా ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అని ఎత్తుకునేవాడు. ఆ పాదం శార్దూలం. దాని గణాల వరస మ-స-జ-స-త-త-గ. పదమూడో అక్షరం యతి. మొదటిది ‘బా’, పదమూడోది ‘భ్రాతల్’లో ‘భ్రా’. పాడేవాడు సరిగ్గా అక్కడ ఊపిరి తీసుకుంటాడు, వినేవాళ్ళు అక్కడే తల ఊపుతారు. గణాల పేర్లు ఒక్కటీ తెలియకుండానే యతి స్థానం తెలుసు వాళ్ళకి! అందుకే చెబుతున్నా, గణాలను గుర్తుపెట్టుకునే యమాతారాజభానస సూత్రం తరవాత బట్టీ పట్టొచ్చు. ముందు మీ ఊళ్ళో పద్యం పాడే పెద్దాయన ఎవరైనా ఉంటే వెళ్ళి కూర్చోండి. ఆయన ఉన్నప్పుడే వెళ్ళండి.

ద్విపద దగ్గర ఇంకొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోవడం లేదు, అది నాకు బాధ. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. రెండేసి పాదాలు, ప్రాస ఉంటుంది. ప్రాస వద్దనుకుంటే దాన్నే మంజరీ ద్విపద అంటారు. రంగనాథ రామాయణమంతా దీంట్లోనే నడిచింది. కథ ఎంత దూరమైనా సాగుతుంది, పాడుకోవడానికి హాయిగా ఉంటుంది, పని చేసుకుంటూ కూడా పాడుకోవచ్చు. నిన్న మనం కట్టింది:

ఊరికి నీళ్ళొచ్చె ఓయమ్మ లేవె
నారుమళ్ళకు విత్తు నానింది చూడు

ఇది మొదట వేరేలా వచ్చింది. రెండో పాదంలో నారు కట్టలు అన్నారు ఎవరో. వ్యవసాయం తెలిసిన ఒక అక్క వెంటనే ఆపింది. "నీళ్ళొచ్చిన రోజే నారు కట్టలెక్కడివండి, ముందు విత్తనం నానాలి, నారుమడి పోయాలి, నారు ఎదగాలి, ఆ తరవాత కదా ఊడ్పులు" అని. నూటికి నూరు పాళ్ళు నిజం. కవిత్వంలో గణం తప్పితే పండితుడు పట్టుకుంటాడు, పని వరస తప్పితే పొలంలో మనిషి పట్టుకుంటాడు. రెండోది పెద్ద తప్పు. ఇద్దరూ చదివి ఒప్పుకునేలా రాయండి.

గణాల లెక్క అసలు పడనివాళ్ళు ముత్యాల సరం పట్టుకోండి. గురజాడ 1910లో ఇచ్చిన నడక అది. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, నాలుగు. తకిట తకధిమి అని చేత్తో బల్ల మీద కొట్టండి:

నీరు వచ్చిన వేళ ఊరికి
నిద్ర మాటే గుర్తు లేదుర

ఇది మీకు సినిమా పాటల్లో, జనం పాటల్లో అలవాటైన దరువే. శ్రీశ్రీ దీన్ని ఎంత దూరం తీసుకెళ్ళారో మీకు తెలుసు. ఒక్క హెచ్చరిక చేస్తాను. దరువు మిమ్మల్ని లాక్కుపోతుంది. ఆలోచన అయిపోయినా చెయ్యి ఆగదు. నాలుగు పాదాలయ్యాక బల్ల మీంచి చెయ్యి తీసేసి, మామూలు మాటలా చదివి చూసుకోండి.

ఇక పొట్టి రూపాలు. హైకూ జపాన్‌ది, అయిదు, ఏడు, అయిదు అక్షరాల లెక్క చెబుతారు. కాకినాడ కాలేజీలో పాఠాలు చెప్పిన ఇస్మాయిల్ గారు తెలుగులో దానికి మంచి ఉదాహరణలు ఇచ్చారు. నిన్న మనం రాసింది:

లాకులెత్తారు
నురుగుపై తిరిగే
నిరుటి ఆకు

ఇందులో ఎవరూ సంతోషించడం లేదు, ఎవరూ ఏడవడం లేదు. ఆకు కనిపించింది, చెప్పారు. కందంలో నోరు ఊరుకోక తీర్పు చెప్పాం కదా, ఇక్కడ ఆ నోరు కట్టేసుకోవాలి. అది చాలా కష్టం అండి. మూడు పాదాలే కదా అని రోజుకు ముప్ఫై రాసేవాళ్ళు ఉన్నారు. దయచేసి అలా రాయొద్దు.

నానీ వేరు. ఎన్. గోపి గారు 1997లో మొదలుపెట్టిన రూపం. నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. మొదటి రెండు పాదాల్లో ఒక మాట, తరవాతి రెంటిలో దానికో మలుపు ఉంటే బాగుంటుంది. ఇందులో మాట్లాడొచ్చు, చమత్కరించొచ్చు:

కాలువ
ఎండితే క్రికెట్టు
నిండితే ఈత
మా ఊరికి ఒకటే మైదానం

ఇది రాసిన పిల్లాడికి పద్నాలుగేళ్ళు. ఒక్క అక్షరం మార్చనివ్వలేదు నేను. గజల్ గురించి రేపు వేరేవారు చెబుతారు, నేను దాని జోలికి పోను.

చివరికి వచన కవిత. దీనికి నియమం లేదంటారు. బయటి నియమం లేదు, నిజమే. అందుకే పాదం ఎక్కడ విరగాలో, ఏ మాట ముందు రావాలో, ఎక్కడ ఆగాలో ప్రతిసారీ మీరే కొత్తగా తేల్చుకోవాలి. ఆటవెలదిలో అయితే సగం నిర్ణయాలు ముందే అయిపోయి ఉంటాయి. నిన్న కాలువ మీద ఇన్ని రాశాక, చివర్లో ఒకాయన లేచి అన్నారు. "మాది శివారు ఊరండి. మా పొలానికి నీళ్ళు రావడమే గగనం. మీ పద్యాలన్నిటిలోనూ నీళ్ళొచ్చేశాయి" అని. గదిలో ఒక్కసారిగా అందరం ఆలోచనలో పడ్డాం. ఆయన చేతే రాయించాం:

లాకుల దగ్గర ఫొటోలు దిగారు
పూలు చల్లారు
శివారు పొలంలో కౌలు రైతు
ఫోన్‌లో ఆ పూలు చూశాడు
పూలూ రాలేదు ఇక్కడికి
నీళ్ళూ రాలేదు

దీన్ని ఆటవెలదిలో పెట్టడానికి ఇద్దరు ప్రయత్నించారు. గణాలు కుదిరాయి. కానీ ఆ పిల్లగాలి నడకలోకి వెళ్ళేసరికి కౌలు రైతు బాధ కూడా ముద్దొచ్చేలా తయారైంది. అది ఆయనకు అన్యాయం. ‘పూలూ రాలేదు’ దగ్గర ఆగి, కింద పాదానికి దిగి ‘నీళ్ళూ రాలేదు’ అనడంలో ఒక బరువుంది. యతి ప్రాసలు అక్కడికి వస్తే ఆ బరువు పోతుంది. నేను పద్యం అంటే ప్రాణం పెట్టేవాణ్ణి. అయినా ఈ సంగతికి వచన కవితే కావాలి.

ఇది చెప్పడానికి మనకు మన కోనసీమలోనే పెద్ద సాక్ష్యం ఉంది. బోయి భీమన్న గారిది మామిడికుదురు. పద్యాలు రాశారు, గేయాలు రాశారు, ‘పాలేరు’ లాంటి నాటకం రాశారు. దళితవాడల బతుకు చెప్పాల్సి వచ్చినప్పుడు ‘గుడిసెలు కాలిపోతున్నై’ అంటూ వచన కవితలోకి వచ్చారు. 1975లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పద్యం చేతకాక ఆయన వచనంలోకి రాలేదు. పద్యం బాగా తెలిసిన చెయ్యి, వచనం కావాల్సిన చోట వచనం తీసుకుంది. మీరు ఆయన్ని చదవకుండా ఈ కార్యశాల నుంచి వెళ్తే నాకు చాలా వెలితిగా ఉంటుంది.

ఒకమ్మాయి చీటీ పంపింది. "ఫోన్‌లో ఛందస్సు సరిచూసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదండీ, వాడొచ్చా?" అని. వాడమ్మా, తప్పేం లేదు. మంచి పని చేశారు వాటిని తయారు చేసినవాళ్ళు. కాకపోతే పద్యం పూర్తయ్యాకే వాడు. ముందు పైకి చదువు, ఎక్కడో కాలికి రాయి తగిలినట్టుంటే అక్కడ గుర్తు పెట్టుకో, ఆ తరవాత ఫోన్ తియ్యి. నీ గుర్తూ దాని గుర్తూ ఒకే చోట పడుతుంటే నీ చెవి తయారైనట్టు. వేరుగా పడితే ఆ పాదాన్ని ఇంకా పది సార్లు చదువు.

ఇక మధ్యాహ్నం పని. ఇవాళ కాలువ వద్దు. ఒక్కొక్కరూ మీ ఇంటిదో మీ వీధిదో ఒక్క సంగతి తీసుకోండి, మీరు కళ్ళారా చూసింది. దాన్ని మూడు రూపాల్లో రాయండి. అందులో ఒకటి ఆటవెలది తప్పనిసరి. మూడూ రాశాక, ఏది ఆ సంగతికి సరిపోలేదో, ఎందుకు సరిపోలేదో నాలుగు వాక్యాల్లో కింద రాయండి. ఆ నాలుగు వాక్యాలే నేను ముందు చదువుతాను. శివారు ఊరి పెద్దాయనా, మీరు మాత్రం నాకోసం కందం ప్రయత్నించండి. ఎవరినైనా నిలదీసి అడగాలనుంటే దానికి అదే సరైన చోటు. గణాలు నేను పక్కన కూర్చుని చెబుతాను. భోజనాలు సిద్ధమయ్యాయట, ముందు పెద్దవాళ్ళు లేవండి.